అచ్చుభేదాలు – చరిత్ర ఆధారాలు: మోర్గన్ వెండి డాలరు

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు తాళపత్ర ప్రతులను పక్కపక్కన ఉంచి పాఠభేదాలను గుర్తిస్తాడు. మూలప్రతి దొరకనప్పుడు ఏ ప్రతికి ఏది మాతృకో ఆ భేదాలే తెలియజేస్తాయి. అమెరికా వెండి డాలర్లను అచ్చుభేదాలనుబట్టి సేకరించేవారి కృషి కూడా ఇటువంటిదే.

1878 ఫిబ్రవరిలో ఆమోదం పొందిన బ్లాండ్-ఆలిసన్ చట్టం ప్రకారం అమెరికా ప్రభుత్వం నెలకు 20 నుండి 40 లక్షల డాలర్ల విలువైన వెండిని కొని నాణేలుగా ముద్రించవలసి వచ్చింది. జార్జ్ టి. మోర్గన్ రూపొందించిన ఈ డాలరు 1878 నుండి 1904 వరకు, తిరిగి 1921లో వెలువడింది. దాని బరువు 26.73 గ్రాములు, అందులో వెండి 90 శాతం. అచ్చులు ఫిలడెల్ఫియాలో తయారై ఇతర టంకశాలలకు వెళ్లేవి. ప్రధాన చిత్రం ఒకటే అయినా, 19వ శతాబ్దపు అచ్చులపై టంకశాల గుర్తును విడిగా చేతితో కొట్టేవారు. అది ఒరిగినా, రెండుసార్లు పడినా ఆ అచ్చునుండి వచ్చిన నాణేలన్నింటిపైనా ఆ జాడ నిలిచేది. లెరాయ్ వ్యాన్ ఆలెన్, జార్జ్ మాలిస్ ఈ భేదాలను వర్గీకరించారు. వారి పేర్ల తొలి అక్షరాలతోనే అవి ‘వ్యామ్’ భేదాలుగా ప్రసిద్ధమయ్యాయి.

ఈ భేదాలు టంకశాలల పనితీరుకు సాక్ష్యాలు. 1878లో గద్ద తోకకు మొదట ఎనిమిది ఈకలుండగా, తరువాత ఏడుకు తగ్గించారు. కొన్ని అచ్చులలో ఏడు ఈకల కింద పాత ఈకల కొసలు కనిపిస్తాయి. కార్సన్ సిటీలో ముద్రణ 1893తో ఆగిపోయింది. అయినా 1900 నాటి కొన్ని న్యూ ఆర్లియన్స్ డాలర్లపై ‘ఓ’ గుర్తు కింద కార్సన్ సిటీ గుర్తయిన ‘సిసి’ ఛాయలు ఉన్నాయి. పాత అచ్చులను పారవేయక దిద్ది వాడుకున్నారనడానికి ఆ నాణెమే రుజువు.

అయితే ప్రతి గీతా అచ్చుభేదం కాదు. వాడుకలో పడిన గాటు తాళపత్రానికి పురుగు చేసిన రంధ్రం వంటిది. ఒకే లక్షణం పలు నాణేలపై ఒకే చోట పునరావృతమైనప్పుడే దానిని అచ్చుకు ఆపాదించాలి.

ఈ పరిశీలన అవసరాన్ని 1918 నాటి పిట్‌మన్ చట్టం మరింత స్పష్టం చేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో భారతదేశంలో ప్రజలు కాగితపు నోట్లకు బదులు వెండి రూపాయలు కోరడంతో ప్రభుత్వ నిల్వలు తరిగిపోయాయి. బ్రిటన్‌కు వెండి అందించేందుకు అమెరికా తన డాలర్లను కరిగించింది. ఈ చట్టం కింద కరిగినవి 27 కోట్లకు పైగా. వాటిలో అత్యధిక భాగం వెండి భారతదేశానికి చేరి రూపాయలైంది. కరిగించిన నాణేలు ఏ సంవత్సరానివో, ఏ టంకశాలవో నమోదు చేయలేదు. అందువల్ల ముద్రణ సంఖ్యలు ఎన్ని పుట్టాయో చెబుతాయే తప్ప ఎన్ని మిగిలాయో చెప్పవు. ఆ విషయంలో మిగిలిన నాణేలే సాక్షులు.

రూపాయిగా మారిన డాలరులో లోహం నిలిచింది, పాఠం చెరిగిపోయింది. కరగకుండా మిగిలిన ప్రతులనైనా భేదాలతో సహా నమోదు చేయడం చరిత్ర రచనకు ప్రాథమిక కర్తవ్యం.