ఎంపిక ఎవరిది? భారతదేశంలో ఆత్మరక్షణాయుధం: 1857 అనంతర చరిత్ర

ఆత్మరక్షణకు నమ్మదగిన చేతి తుపాకి ఏది అన్న ప్రశ్న పైకి కేవలం సాంకేతికమైనదిగా కనిపిస్తుంది. ఎన్ని తూటాలు పడతాయి, మందు అంటుకోకపోతే ఏం చేయాలి, గుండు ఎదుటి మనిషిని నిలువరించగలదా అన్నవి దాని ఉపప్రశ్నలు. భారతదేశ చరిత్రలో మాత్రం వీటన్నిటికంటె ముందు నిలిచే ప్రశ్న మరొకటి ఉంది: ఎంచుకొనే అధికారం ఎవరిది? నేడు లైసెన్సు పొందిన సామాన్య పౌరుని చేతి తుపాకి ప్రధానంగా .32 అంగుళాల గొట్టానికి పరిమితమై ఉండటానికి ఆ తూటా గుణం కారణం కాదు. 1857 తరువాత పాలకులను ఆవరించిన భయం చట్టరూపంలో నేటివరకు కొనసాగడమే కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

పరిభాషను ముందుగా స్పష్టం చేసుకోవాలి. తుర్కీ మూలం గల 'తుపాకి' తెలుగులో ఎంతో కాలంగా స్థిరపడిన మాట. 'పిస్తోలు', 'రివాల్వరు' ఐరోపా భాషల నుండి వచ్చినవి. మన అపరాధ పరిశోధక నవలల్లో ఈ రెండింటినీ ఒకదానికి బదులు మరొకటి వాడటం కద్దు. కాని నమ్మకం అన్న దృష్టితో చూస్తే వీటి భేదం ముఖ్యమైనది. రివాల్వరులో తూటాలు తిరిగే చక్రంలో ఉంటాయి. ఒక తూటా పేలకపోతే మీటను మళ్లీ నొక్కితే చాలు, చక్రం తిరిగి మరో తూటా సుత్తి ముందుకు వస్తుంది. తనంత తాను తూటాను ఎక్కించుకొనే పిస్తోలులో పేలని తూటాను చేత్తో లాగి పారవేయాలి. ఆపదలో ఉన్నవానికి ఆ రెండు క్షణాలే ప్రాణాధారం.

ఈ ప్రమాణాలు మొదట చర్చకు వచ్చినది లండనులో. 1851 నాటి మహా ప్రదర్శనలో అమెరికా వాసి సామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్లను ప్రదర్శించాడు. ఆ ఏడే ఆంగ్లేయుడైన రాబర్ట్ ఆడమ్స్ తన నమూనాకు పేటెంటు పొందాడు. కోల్ట్ నేవీ నమూనాది .36 అంగుళాల గొట్టం, ఆరు గుండ్లు. ప్రతిసారీ సుత్తిని బొటనవేలితో వెనక్కు లాగవలసి ఉండేది. పేలిన టోపీ ముక్కలు యంత్రంలో పడి చక్రం బిగుసుకుపోవడం దానికి తెలిసిన లోపం. ఆడమ్స్ తుపాకి ఐదు గుండ్లదే అయినా గుండు పెద్దది, చట్రం ఒకే లోహఖండం, మీట నొక్కితే చాలు పేలేది. సుత్తిని చేత్తో లాగే వీలును కూడా 1856లో బోమాంట్ దానికి చేర్చాడు. దూరాన గురి చూసి కాల్చడానికి కోల్ట్, మీదపడిన శత్రువును ఆపడానికి ఆడమ్స్ మేలన్న అభిప్రాయం సైనికాధికారులలో ఏర్పడింది.

ఆ అభిప్రాయాన్ని స్థిరపరచడానికి 1857 తిరుగుబాటు నుండి ఒక కథను తెచ్చారు. దానిని తరువాతి కాలంలో చెప్పినవాడు లెఫ్టినెంట్ కర్నల్ ఫాస్బెరీ. గురి తప్పనివాడినని గర్వించే ఒక అధికారి తనమీదికి కత్తితో వస్తున్న సిపాయిపై కోల్ట్ నేవీలోని ఆరు గుండ్లనూ కాల్చాడట. ఐదు అతని రొమ్మున తగిలి వీపునుండి బయటపడ్డాయట. అయినా సిపాయి ఆగక అధికారి తలను నరికి, ఆ పక్కనే కూలి మరణించాడట. ఇది ఫాస్బెరీ కళ్లారా చూసినది కాదు, చూసినవాడు చెప్పగా విన్నది. ఆయుధ చరిత్రకారులు దీనిని పెద్ద గుండు ఆవశ్యకతకు నిదర్శనంగా మళ్లీ మళ్లీ చెప్తూ వచ్చారు. సాహిత్య విద్యార్థి దృష్టికి ఇందులో ఆనేది వేరు. కథలో అధికారికి స్వభావం ఉంది, గర్వం ఉంది, పొరపాటు ఉంది. సిపాయికి పేరు లేదు, ఊరు లేదు, అతడు కత్తి పట్టిన కారణమూ లేదు. ఆంగ్లేయుని ఆత్మరక్షణాయుధం ఎంత బలంగా ఉండాలో తేల్చే కొలబద్దగానే భారతీయ శరీరం ఈ కథనంలోకి వచ్చింది. ఇదే తర్కం ముందుకు సాగి 1887లో బ్రిటిష్ సైన్యం .455 అంగుళాల వెబ్లీ రివాల్వరును స్వీకరించింది. దాని గుండు బరువు 265 గ్రెయిన్లు, అంటే సుమారు 17 గ్రాములు.

చట్టం వైపు చూస్తే వైరుధ్యం మరింత స్పష్టం. మెకాలే 1837లో సిద్ధం చేసిన శిక్షాస్మృతి ముసాయిదా ఆత్మరక్షణ హక్కును ఉదారంగా నిర్వచించింది. ప్రజలలో పౌరుషాన్ని మేల్కొల్పడమే అవసరమన్నది ఆయన వివరణ సారాంశం. ఆ హక్కే 1860 శిక్షాస్మృతిలో 96 నుండి 106 వరకు గల సెక్షన్లుగా నిలిచింది. పద్దెనిమిదేళ్ల తరువాత, 1878లో, లిట్టన్ ప్రభుత్వం తెచ్చిన ఆయుధ చట్టం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదని శాసించింది. దాని నిబంధనలు ఐరోపీయులను మినహాయించాయి. హక్కు అందరిదీ, సాధనం కొందరిది అయింది.

లిట్టన్ ప్రభుత్వం అదే ఏడు దేశభాషా పత్రికల చట్టాన్ని కూడా చేసిందని సాహిత్య చరిత్ర చదివినవారికి తెలుసు. అది మద్రాసు రాష్ట్రానికి వర్తించలేదు. కనుక తెలుగు పత్రికలు దాని పాలబడలేదు. ఆయుధ చట్టం విషయంలో తెలుగువారికి ఆ వెసులుబాటు దక్కలేదు. పత్రికల చట్టాన్ని రిప్పన్ కాలంలో కొద్ది ఏళ్లకే రద్దు చేశారు. ఆయుధ చట్టం 1959 వరకు ఉన్నది. కలంకంటె కత్తికే పాలకులు ఎక్కువ జంకారనడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు. 1887 డిసెంబరులో మద్రాసులో జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభలో ఆ చట్టంలోని వివక్షను బిపిన్ చంద్రపాల్ తీవ్రంగా నిరసించాడు. జాతి ప్రాతిపదికన ఇచ్చిన మినహాయింపులు తొలగడానికి 1920 నిబంధనల దాకా ఆగవలసి వచ్చింది.

లైసెన్సు మార్గం లేనివారి ఎంపిక ఎలా ఉండేదో మన్యం చెప్తుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసి 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు తీసుకొన్నది. అక్కడ మేలురకాన్ని బేరీజు వేసుకొనే వీలు లేదు. ఠాణాలో ఏది ఉంటే అదే ఆయుధం. తూటాలు అయిపోతే ఎంతటి మేలైన తుపాకి అయినా దుడ్డుకర్రతో సమానం. నమ్మకం అన్న గుణంలో సరఫరా కూడా భాగమని ఆయుధ నిపుణుల పట్టికల కంటె ఈ దాడులే బాగా చూపుతాయి.

ఇక .32 విషయం. సైన్యం వాడే తూటా ప్రజలకు దొరకరాదన్నది వలస ప్రభుత్వ సూత్రం. 1907లో .450 అంగుళాల రైఫిళ్ల దిగుమతిని నిషేధించడం ఆ సూత్రఫలమే. అప్పుడు ఇంగ్లండు తుపాకి తయారీదారులు వేట కోసం .470 వంటి కొత్త కొలతలు కల్పించుకొన్నారు. స్వతంత్ర భారతం 1959లో కొత్త చట్టం చేసినా 'నిషిద్ధ గొట్టం' అన్న భావనను వదలలేదు. .380, .455, 9 మి.మీ. నిషిద్ధ జాబితాలో చేరాయి. సైనికాధికారుల అనుభవం ఏ గుండ్లను నమ్మదగినవిగా తేల్చిందో ఆ తరగతివే పౌరునికి దూరమయ్యాయి. మిగిలినవాటిలో ముఖ్యమైనది .32. 1896 నాటి ఆ రివాల్వరు తూటా గుండు బరువు సుమారు 98 గ్రెయిన్లు, అంటే వెబ్లీ గుండులో మూడవ వంతు కంటె కొంచెమే ఎక్కువ. 1980ల మధ్యనుండి పౌరుల దిగుమతులు ఆగిపోవడంతో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారపు రివాల్వరే చాలామందికి దిక్కయింది. దాని నిర్మాణం వెబ్లీ నాలుగవ నమూనాను అనుసరించినదే. చట్రం వెబ్లీది, గుండు మాత్రం వెబ్లీది కాదు.

.32 పక్షాన చెప్పవలసినదీ ఉంది. వెనుకతన్ను తక్కువ గనుక అభ్యాసం లేని చేయి కూడా దానిని అదుపులో ఉంచుకోగలదు. తూటా దేశంలోనే తయారవుతుంది. ఈ రెండూ చిన్న విషయాలు కావు. అయితే ఇవి ఎంపికకు కారణాలు కావు, నిషేధం మిగిల్చిన దానికి తరువాత దొరికిన సమర్థనలు.

2014 జనవరిలో కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ స్త్రీల కోసమని 'నిర్భీక్' పేరుతో ఒక తేలికపాటి రివాల్వరును విడుదల చేసింది. 2012 నాటి ఢిల్లీ దురంతంలో బలైన యువతికి పత్రికలు పెట్టిన పేరును అది తలపిస్తుంది. బరువు సుమారు 500 గ్రాములు, ధర అప్పట్లో లక్షా ఇరవై వేల రూపాయలకు పైమాటే. గొట్టం .32.