సైకిలుకు మోటారు: తొలిసారి అమర్చుకునేవారికి

సాధారణ సైకిలుకు చిన్న ఇంజినునో, విద్యుత్‌ మోటారునో జోడించి తొక్కే శ్రమను తగ్గించుకొనే ఏర్పాటు పాతదే. పెడళ్ళు యథాతథంగా ఉండటమే దీనికీ మోటారు సైకిలుకూ గల ప్రధాన భేదం. కొత్తగా ఈ పనికి పూనుకునేవారి దృష్టి సహజంగా మోటారు శక్తిపైనే నిలుస్తుంది. అయితే సైకిలు ఫ్రేము, చక్రాలు, బ్రేకులు మనిషి తొక్కే వేగానికి తగినట్లు తయారైనవి. గంటకు 15 కి.మీ. వేగం 25 కి.మీ.కు పెరిగితే బ్రేకు హరించవలసిన గతిశక్తి దాదాపు 2.8 రెట్లవుతుంది. పనిలో ఏది ముందో, ఏది తరువాతో ఈ ఒక్క లెక్కే నిర్ణయిస్తుంది: ముందు ఆగడం, ఆ తరువాతే సాగడం.

పూర్వరంగం

రెండవ ప్రపంచ యుద్ధానంతరం వాహనాలకు, ఇంధనానికి కరవు ఏర్పడిన దేశాలలో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. 1946లో జపానులోని హమమత్సులో సొయిచిరో హోండా, సైన్యం వైర్‌లెస్‌ జనరేటర్లకు వాడి వదిలిన చిన్న ఇంజిన్లను సైకిళ్ళకు బిగించి విక్రయించారు. అదే సంవత్సరం ఫ్రాన్సులో, ముందు చక్రాన్ని రోలరుతో తిప్పే వెలోసోలెక్స్‌ విపణిలోకి వచ్చింది. మన దేశపు మోపెడ్లు ఈ వంశానికి చెందినవే. ఫ్రెంచి సంస్థ సహకారంతో తిరుపతిలో తయారైన సువేగ, 1972లో వచ్చిన లూనా, 1980లో హోసూరు నుండి వెలువడిన టీవీఎస్‌ 50 పేర్లు పాతతరం పాఠకులకు సుపరిచితాలు.

చట్టం ఏమంటుంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగింటికన్నా తక్కువ చక్రాలు, 25 సి.సి.కి మించని ఇంజిను గల బండి మోటారు వాహనం కాదు. కిట్ల రూపంలో దొరికే పెట్రోలు ఇంజిన్లు సాధారణంగా 48 సి.సి. లేదా అంతకు పైబడినవి కనుక ఆ మినహాయింపు వాటికి వర్తించదు.

విద్యుత్‌ బండికి వేరే కొలత ఉంది. మోటారు అరగంట సామర్థ్యం 0.25 కిలోవాట్‌కు లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కి.మీ.కు లోపు, బ్యాటరీ మినహా బరువు 60 కిలోలకు లోపు ఉండాలి. గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఈ సంగతులను ధ్రువీకరించినప్పుడే మినహాయింపు లభిస్తుంది. ఇంట్లో అమర్చుకున్న బండికి ఈ రక్షణ దానంతట అది రాదు. కిట్‌ కొనేముందే ధ్రువపత్రం అడిగి చూడటం, సందేహముంటే రవాణా కార్యాలయంలో విచారించడం మేలు. ఇది కేంద్ర నిబంధన కాబట్టి హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, యానాంలోనైనా ఒకటే.

తగిన సైకిలు

పాలు, కూరగాయలు మోసే పాతకాలపు పెద్ద సైకిలు దృఢమైనదే. కాని దాని కడ్డీ బ్రేకులు వానలో తడిస్తే సరిగా పట్టవు. మరొక చిక్కు చక్రం కొలత. ఆ సైకిలు 28 × 1½ రిమ్ము వ్యాసం 635 మి.మీ. కిట్లపై 28 అంగుళాలని రాసి ఉన్నా, అవి చాలావరకు 622 మి.మీ. రిమ్ముతో వస్తాయి. పేరు ఒకటే అయినా పాత టైరు కొత్త రిమ్ముకు సరిపోదు. అందుచేత తొలి ప్రయత్నానికి వి-బ్రేకులో, డిస్కు బ్రేకులో గల 26 అంగుళాల ఉక్కు ఫ్రేము సైకిలు అనుకూలం. ఇరుసు కూర్చునే చోట ఫోర్కు కాళ్ళ మధ్య వెడల్పు ముందు 100 మి.మీ., వెనుక 135 మి.మీ. ఉన్నదీ లేనిదీ కొలిచి చూసుకొని కిట్‌ తీసుకోవాలి.

అమరిక

చక్రం మధ్యలోనే మోటారు ఉండే హబ్‌ మోటారు కొత్తవారికి సులభం. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పినంత బలంతోనే ఇరుసు వెనక్కు తిరగజూస్తుంది. ఆ ఒత్తిడి ఫోర్కు గాడి అంచులపై వందల కిలోల బరువుతో సమానంగా పడుతుంది. నట్టు కాస్త వదులైతే ఇరుసు గాడిని చీల్చుకొని బయటికి వస్తుంది, తీగలు తెగుతాయి, చక్రం ఊడుతుంది. ఇరుసును ఫ్రేముకు బంధించే టార్క్‌ ఆర్మ్‌ అనే ఉక్కు పట్టీని తప్పక బిగించాలి. అల్యూమినియం ఫోర్కు హెచ్చరిక లేకుండా విరగవచ్చు కనుక ముందు చక్రానికి మోటారు పెట్టేవారికి ఉక్కు ఫోర్కే శ్రేయస్కరం.

బ్రేకు పట్టగానే మోటారుకు విద్యుత్తు ఆపే స్విచ్చున్న బ్రేకు పిడులనే వాడాలి. కంట్రోలరులోకి వెళ్ళే తీగలు ముందు కిందికి వంగి తరువాత పైకెక్కితే వాననీరు లోపలికి పోక వంపు వద్దే జారిపోతుంది. చక్రాన్ని నేల నుండి పైకెత్తి తిప్పి చూశాకే రోడ్డెక్కాలి. తొలి 30 కి.మీ. తరువాత నట్లు, స్పోకులు మళ్ళీ బిగించాలి.

బ్యాటరీ

36 వోల్టుల, 10 ఆంపియర్‌ అవర్ల లిథియం బ్యాటరీలో 360 వాట్‌ అవర్ల శక్తి ఉంటుంది. చదునైన దారిలో తొక్కుతూ పోతే కిలోమీటరుకు సుమారు 12 వాట్‌ అవర్ల చొప్పున 30 కి.మీ. వస్తుంది. ఎదురుగాలి, ఎత్తు, బరువు దానిని తగ్గిస్తాయి. సెల్‌లను కాపాడే బి.ఎం.ఎస్‌. లేని బ్యాటరీని ఎంత చవకైనా కొనరాదు. ధన ధ్రువానికి దగ్గరగా ఫ్యూజు ఉండాలి. ఆ బ్యాటరీకి ఉద్దేశించిన ఛార్జరునే వాడాలి. అందరూ నిద్రించే వేళ గాని, ఇంటికి ఉన్న ఒకే ద్వారం పక్కన గాని ఛార్జింగు పెట్టరాదు. ఉబ్బిన, నీటిలో మునిగిన బ్యాటరీని ఇక వాడరాదు.

మెరుగుదలలు

బండి నడిచిన వారానికే వేగం పెంచాలన్న కోరిక పుడుతుంది. 36 వోల్టుల మోటారుకు 48 వోల్టులు ఇస్తే వేగం సుమారు మూడో వంతు పెరుగుతుంది. కాని నిండుగా ఛార్జయిన 48 వోల్టుల బ్యాటరీ 54.6 వోల్టుల దాకా ఇస్తుంది. పాత కంట్రోలరు దానిని తట్టుకోలేకపోవచ్చు. 25 కి.మీ. హద్దు దాటిన బండికి రిజిస్ట్రేషను, బీమా, లైసెన్సు అవసరమవుతాయి. అవి లేకుండా ప్రమాదం జరిగితే నష్టపరిహారపు భారం నడిపినవారి కుటుంబంపై పడవచ్చు.

కాబట్టి మెరుగుదలలో మొదటి స్థానం మంచి బ్రేకు కట్టెలది. తరువాతివి వెడల్పు టైర్లు, మందపాటి స్పోకులు, ముందు వెనుక దీపాలు, హెల్మెటు. ఆపైన అధిక దూరం కోసం పెద్ద బ్యాటరీ. మరింత శక్తిగల మోటారు ఆ వరుసలో చివరిది.