మధ్యయుగ మెటల్ సంగీతము

విద్యుద్గిటారుల గర్జనమునకు మధ్యయుగ వాద్యముల నాదమును జోడించి, 1990వ దశకమున జర్మనీయందు, విశేషించి బెర్లిన్, పాట్స్‌డామ్ నగరములలో రూపొందిన సంగీతశాఖ. 1970లో హాంబర్గున వెలసిన ఔగెన్‌వైడె బృందము ప్రాచీన జర్మను పద్యములను రాక్ బాణీలో పాడి త్రోవ చూపగా, తూర్పు జర్మనీ అంత్యదశలో, 1989లో, ఏర్పడిన కోర్వుస్ కోరాక్స్ వాదకులు సంతలలో తిత్తులను మ్రోగించి శ్రోతలను సిద్ధపరచిరి.

తిత్తి మనకు క్రొత్తది కాదు. మన జానపద ప్రదర్శనములలో శ్రుతి పట్టు తోలుతిత్తియే అచ్చట రంధ్రములుగల గొట్టమును చేర్చుకొని పాటయు పలుకును. వాదకుడు తగ్గింపదలచినను తగ్గని ఉచ్చధ్వని, గిటారు మీటు షడ్జ పంచమములతో సహజముగా కలిసిపోవు అవిచ్ఛిన్న శ్రుతి, ఈ రెండు గుణములచేతనే అది డ్రమ్ముల హోరునందు నిలువగలిగినది. చక్రము త్రిప్పగా తంత్రులు ఒరసికొని మ్రోగు హర్డీగర్డీకి మాత్రము మైకు ఆసరా తప్పదు. సన్నాయికి దగ్గరి చుట్టమైన షామ్ కూడ ఈ మేళమున కలదు.

1995లో బెర్లినున ఆవిర్భవించిన ఇన్ ఎక్స్‌ట్రేమో, పదవ శతాబ్దపు వ్రాతప్రతిలో నిలిచిన మెర్సెబుర్గ్ మంత్రములను 1999 నాటి ఆల్బమునందు గానము చేసెను. 2008లో ఆ బృందపు ‘జెంగర్‌క్రీగ్’ ఆల్బము జర్మనీ విక్రయపట్టికలో ప్రథమస్థానము నందగా, ఆ సంవత్సరమే పాట్స్‌డామ్‌వారి సబ్‌వే టు శాలీ బృందము బుండెస్‌విజన్ గీతపోటీలో గెలిచెను. అయినను ఈ సంగీతశాఖయందలి ప్రాచీనత చాలవరకు నవకల్పితమే. సంతలలో మ్రోగు ఆ తిత్తియే 1980వ దశకమున తూర్పు జర్మనీలో రూపొందినది.