మందు వేసినా తొట్టిలో పురుగులు ఈదుతున్నాయా? కథ అమెరికా పేపర్‌తో మొదలైంది

మా లింగాల వైపు, అంటే పులివెందుల చుట్టుపక్కల, వానలు తక్కువ. నీళ్లు వచ్చినప్పుడే పట్టి పెట్టుకోవాల. అందుకే ఇంటింటికీ ఒక తొట్టి, ఒక డ్రమ్ము. డెంగీ మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది అట్లాంటి చోటే. "మందేసి మూడు దినాలైంది, పురుగులు ఈదుతానే ఉండాయి, ఇదేం మందు?" అని చాలామంది అడుగుతుంటారు. జవాబు కావాలంటే కొంచెం వెనక్కి పోవాల.

మలేరియా దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఇది మీకు తెలిసిందే, పొడిగించను. తర్వాత డీడీటీ వచ్చింది. 1953లో దేశమంతా గోడలకు కొట్టడం మొదలుపెట్టారు. 1961కి మలేరియా కేసులు దాదాపు 50 వేలకు దిగాయి. ఇంక పీడ పోయిందనుకున్నారు. 1976లో మళ్లీ 64 లక్షలు దాటాయి! కారణాలు చాలానే ఉన్నాయి గానీ, ఒకటి మాత్రం దోమ డీడీటీకి అలవాటు పడిపోవడం.

ఇప్పుడు అసలు కథ. 1960ల్లో ప్రాగ్ నుంచి కారెల్ స్లామా అనే శాస్త్రవేత్త హార్వర్డ్‌లో కారల్ విలియమ్స్ ల్యాబ్‌కు వచ్చాడు, తన పురుగులు వెంటబెట్టుకుని. ప్రాగ్‌లో చక్కగా పెరిగిన ఆ పురుగులు అక్కడ పెద్దవే కాలేదు. పిల్లలుగానే లావెక్కి చచ్చిపోయేవి. తిండి మార్చి చూశారు, ఇంకేవేవో చూశారు. చివరికి దొరికిన దొంగ ఎవరో తెలుసా? గిన్నెలో పరిచిన పేపర్ టవల్! న్యూయార్క్ టైమ్స్ పేపరు పరిచినా అదే గతి. లండన్ టైమ్స్ పరిస్తే మాత్రం ఏమీ కాలేదు. అమెరికా పేపర్ తయారుచేసే బాల్సమ్ ఫర్ చెట్టులో పురుగుల పిల్లదశ హార్మోన్ లాంటి పదార్థం ఉందని తేలింది. 1965లో ఈ సంగతి అచ్చయింది. నాకైతే సైన్స్ చరిత్రలో ఇంతకన్నా మంచి డిటెక్టివ్ కథ కనబడలేదు.

పురుగు ఒంట్లో ఆ హార్మోన్ ఉన్నంతసేపూ అది పిల్లే. తగ్గితేనే రెక్కలు. బయటనుంచి మనం ఆ హార్మోన్ లాంటి మందు వేస్తే పురుగు తింటుంది, ఈదుతుంది, ప్యూపా కూడా అవుతుంది, కానీ దోమై లేవదు. 1975లో అమెరికా అనుమతించిన మెథోప్రిన్ ఈ రకమే. మన దేశంలో దోమల నియంత్రణకు వాడే పైరిప్రాక్సిఫెన్ కూడా అంతే. డైఫ్లూబెంజురాన్ దారి వేరు: పాత చర్మం విడిచే వేళ కొత్తది సరిగా కట్టనీయదు.

కాబట్టి పురుగు కదిలినంత మాత్రాన మందు ఫెయిలైనట్టు కాదు. అనుమానముంటే మందు వేసిన నీళ్లు కొన్ని పురుగులతో సహా గాజుసీసాలో పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి పది రోజులు చూడండి. దోమలు లేచాయా లేదా, లెక్క అదే. తాగే నీళ్లలో ఏ మందైనా ఆరోగ్య కార్యకర్త చెప్పకుండా వేయొద్దు.

ఇంకొక్క మాట. ఏడిస్ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, నీళ్లు తగలగానే పగులుతాయి. అందుకే శుక్రవారం డ్రై డే రోజు నీళ్లు పారబోసి ఊరుకుంటే చాలదు, గోడలు గట్టిగా రుద్దాల.