యంత్రమునకిచ్చు ఆజ్ఞ – అది చేయు హెచ్చరిక

కంప్యూటరునకు మనమిచ్చు ఆజ్ఞలలో దొరలు తప్పులును, వానిని గూర్చి మనలను హెచ్చరించుటకు మానవుడు కనిపెట్టిన యుపాయములును నేటి నా ప్రసంగవిషయము. ఇది పట్టణవాసుల గొడవయని త్రోసిపుచ్చరాదు. కోటవురట్ల రైతు పొలముకూడ నేడు యంత్రములో వ్రాసిన యొక సంఖ్యపై నాధారపడి యున్నది.

పూర్వము కరణము అడంగలు వ్రాయునపుడు అంకె తారుమారైనచో, గట్టులెరిగిన పెద్దమనిషి ప్రక్కనుండి సవరించుటకు వీలుండెడిది. కరణమునకు మాటయేగాక భావమును తెలియును. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయ్యెను. 1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశించెను. ఈ క్రొత్త గుమాస్తా అలసట యెరుగడు; కాని మనము చెప్పినదే చేయును, తలచినది చేయడు.

తొలికాలపు యంత్రములు మితభాషులు. 1970 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో యూనిక్స్ అను వ్యవస్థ పుట్టెను. అందు వ్రాతలు దిద్దు ‘ఎడ్’ అను సాధనము, ఎట్టి తప్పు చేసినను, ఒక్క ప్రశ్నార్థకమును మాత్రము చూపెడిది. తప్పెక్కడనో మనమే వెదకుకొనవలెను. 1980 దశకమున వ్యాపించిన డాస్ వ్యవస్థ కొంత మేలు. పత్రములన్నిటిని చెరిపివేయుమనినచో ‘నిశ్చయమేనా?’ యని యడిగెడిది.

తప్పుల స్వభావమును 1964లో డామెరో అను పరిశోధకుడు శోధించెను. అక్షరదోషములలో నూటికి సుమారు 80 నాలుగు తెగలలో నొకదానికి చెందునని యాతడు తేల్చెను. 142 అను సంఖ్యతో వానిని చూపెదను. ఒక అంకె హెచ్చుట, 1442. ఒకటి జారుట, 12. ఒకటి మారుట, 143. ప్రక్కప్రక్క అంకెలు తారుమారగుట, 124.

చివరి రెండు తెగలను పట్టుటకు 1969లో హాలెండు గణితజ్ఞుడు వెర్‌హూఫ్ చక్కని యుపాయము చెప్పెను. సంఖ్య చివర సాక్షివలె ఒక అంకెను నిలుపుట యది. మన ఆధార్ సంఖ్యలోని 12 అంకెలలో చివరిది ఇట్టి సాక్షియే. తక్కిన 11 అంకెలలో ఒకటి మారినను, ప్రక్కప్రక్కవి రెండు తారుమారైనను, లెక్క కుదరదు. యంత్రము వెంటనే నిరాకరించును. కాని సర్వే నెంబరునకు ఈ సాక్షి లేదు. 142 బదులు 124 అని కొట్టినచో, ఆ సంఖ్యతోను ఒక పొలముండవచ్చును గనుక, యంత్రమునకు అనుమానమే కలుగదు.

హెచ్చరిక వచ్చినను వినువాడుండవలెను గదా! 2005 డిసెంబరు 8న టోక్యోలో మిజుహో సెక్యూరిటీస్ ఉద్యోగి ఒక వాటాను 6,10,000 యెన్‌లకు అమ్మబోయి, 6,10,000 వాటాలను ఒక్కొక్క యెన్‌కు అమ్మజూపెను. తెరపై హెచ్చరిక కనబడినను దానిని దాటిపోయిరి. పిదప రద్దు చేయబూనినను సాధ్యపడలేదు. నష్టము సుమారు 4,000 కోట్ల యెన్‌లు. ఊరక మొరుగు కుక్కను దొంగ వచ్చిననాడును ఎవరు లెక్కింతురు? మాటిమాటికి కనబడు హెచ్చరికయు నట్టిదే.

కావున పెద్దలకు నా మనవి యిది. దస్తావేజుపై సంతకము చేయుటకు ముందు సర్వే నెంబరును, విస్తీర్ణమును అంకె యంకెగా పైకి చదివింపుడు. వేరొకరు పాత దస్తావేజుతో సరిచూడవలెను. ఫోనుద్వారా సొమ్ము పంపునపుడు తెరపై వచ్చిన పేరు మీరుద్దేశించిన వారిదేనా యని చూడుడు. ‘నిశ్చయమేనా?’ యని యంత్రమడిగినపుడు ఒక్క క్షణము ఆగుడు. ఆనాడు కరణము ప్రక్కన కూర్చుండి సవరించిన ఆ పెద్దమనిషి పని నేటికిని తీరలేదు, అది మీదే.