అనలాగ్ రేడియో: మీడియం వేవ్ ఆగిపోతే నష్టపోయేదెవరు?

ఆకాశవాణి మీడియం వేవ్‌పై డిజిటల్ ప్రసారాలు మొదలుపెట్టి ఏళ్లు గడిచాయి. కానీ వాటిని వినిపించగల రేడియో సెట్టు సామాన్యుడి ఇంటికి ఇంకా చేరలేదు. మరోవైపు పాత అనలాగ్ ట్రాన్స్‌మీటర్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. దేశంలో రేడియో భవిష్యత్తుపై చర్చంతా ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీ గురించే.

అనలాగ్‌కూ డిజిటల్‌కూ తేడా ఏమిటి?

ధ్వనిలోని హెచ్చుతగ్గులను ఉన్నది ఉన్నట్టుగా రేడియో తరంగం మీద ఎక్కించి పంపేది అనలాగ్. సిగ్నల్ బలహీనపడితే గరగర వస్తుంది కానీ, చెవి ఒగ్గితే మాట అర్థమవుతుంది.

డిజిటల్‌లో ధ్వని అంకెలుగా మారి ప్రయాణిస్తుంది. నాణ్యత బాగుంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకటికి మించి కార్యక్రమాలు ఇవ్వొచ్చు, విపత్తు హెచ్చరికలను తెరపై అక్షరాల్లో కూడా చూపొచ్చు. అయితే సిగ్నల్ ఒక స్థాయి కంటే తగ్గితే గరగర కూడా ఉండదు. ఇక నిశ్శబ్దమే.

ఆకాశవాణి ఏం చేసింది?

దేశ భూభాగంలో 92 శాతానికి, జనాభాలో 99.19 శాతానికి తమ ప్రసారాలు చేరుతున్నాయని ఆకాశవాణి చాలాకాలంగా చెబుతోంది. ఈ విస్తృతికి ప్రధాన ఆధారం మీడియం వేవ్. నేల వంపును అనుసరిస్తూ సాగే ఈ తరంగాలు రాత్రిపూట పై వాతావరణ పొరల నుంచి పరావర్తనం చెంది వందల కిలోమీటర్లు వెళ్తాయి.

కానీ వీటి నిర్వహణ భారం. కరెంటు ఖర్చు ఎక్కువ, ఎత్తైన టవర్లకు విశాలమైన స్థలం కావాలి. ఎల్ఈడీ బల్బులు, చార్జర్ల నుంచి వచ్చే విద్యుత్ రొద నగరాల్లో వినికిడిని దెబ్బతీస్తోంది.

దీనికి పరిష్కారంగా ఆకాశవాణి డీఆర్ఎం అనే డిజిటల్ పద్ధతిని ఎంచుకుంది. 35 మీడియం వేవ్ కేంద్రాల్లో డీఆర్ఎం ట్రాన్స్‌మీటర్లు పెట్టింది. లక్షల కొత్త కార్లలో డీఆర్ఎం రిసీవర్లు ఉన్నాయి. ఇళ్లలో వాడే సెట్ల సంగతి వేరు. మామూలు రేడియో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, డీఆర్ఎం సెట్టు కొనాలంటే వేలు పెట్టాలి.

ఎఫ్ఎం ఆ లోటు తీర్చగలదా?

కొంతవరకే. ఎఫ్ఎం కూడా అనలాగే, శబ్దం స్పష్టంగా ఉంటుంది. కానీ దాని తరంగాలు దాదాపు కంటిచూపు దూరంలాగే సాగుతాయి. కొండలు అడ్డొస్తే ఆగిపోతాయి.

2023 ఏప్రిల్ 28న ప్రధాని నరేంద్ర మోదీ ఒకేసారి 91 ఎఫ్ఎం ట్రాన్స్‌మీటర్లను ప్రారంభించారు. అవన్నీ 100 వాట్లవే. అదే ఏడాది జనవరిలో కేంద్రం ఆమోదించిన రూ. 2,539.61 కోట్ల పథకం లక్ష్యం ఆకాశవాణి ఎఫ్ఎంను 80 శాతం జనాభాకు చేర్చడం. అది నెరవేరినా ప్రతి అయిదుగురిలో ఒకరు పరిధి బయటే ఉంటారు.

ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలు నగరాలు, పట్టణాల చుట్టూనే ఉన్నాయి. సొంతంగా వార్తలు చెప్పడానికి వాటికి అనుమతి లేదు.

ఫోన్ ఉండగా రేడియో ఎందుకు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, మొబైల్ నెట్‌వర్క్‌లు కుప్పకూలాయి. అలాంటి వేళ బ్యాటరీతో నడిచే రేడియోకు స్థానిక టవరు అవసరం లేదు. దూరాన ఒక ట్రాన్స్‌మీటర్ పనిచేస్తుంటే చాలు.

సముద్రంలో ఉన్న మత్స్యకారులకు ఇది మరీ ముఖ్యం. ఉప్పునీటి మీద మీడియం వేవ్ నేల మీద కంటే ఎక్కువ దూరం వెళ్తుంది. తీరం దాటి కొంత దూరం పోగానే మొబైల్ సిగ్నల్ అందదు.

ఇతర దేశాల అనుభవం ఏమిటి?

నార్వే 2017లో జాతీయ స్థాయి ఎఫ్ఎం ప్రసారాలను నిలిపివేసింది. అయితే కనీసం సగం మంది శ్రోతలు రోజూ డిజిటల్‌లో వినాలన్న షరతును ముందే పెట్టుకుంది. చాలా స్థానిక స్టేషన్లను ఎఫ్ఎంలోనే కొనసాగనిచ్చింది. అంటే, ముందు సెట్లు ఇళ్లకు చేరాయి, ఆ తర్వాతే స్విచ్ ఆపారు.

మన దగ్గర ఇప్పుడేం జరగనుంది?

ప్రైవేటు డిజిటల్ రేడియోపై ట్రాయ్ 2025 అక్టోబరులో సిఫార్సులు చేసింది. హైదరాబాద్ సహా 13 పెద్ద నగరాల్లో అనలాగ్, డిజిటల్ ప్రసారాలు పక్కపక్కనే సాగాలని, అనలాగ్‌ను ఆపే తేదీని పురోగతి చూశాకే నిర్ణయించాలని సూచించింది.

నగరాల ఎఫ్ఎంకు దక్కిన ఈ గడువు పల్లెలకు, తీరానికి చేరే మీడియం వేవ్‌కూ వర్తించాలి. ఒక ట్రాన్స్‌మీటర్‌ను ఆపేముందు దాన్ని ఇప్పటికీ వింటున్నది ఎవరు, వారి చేతిలో మరో సాధనం ఉందా అన్నది తేల్చాలి. వింటున్నవారు తక్కువే కావచ్చు. కానీ వారిలో చాలామందికి తుపాను కబురు అందే దారి అదొక్కటే.