తోకమంట లెక్క

పలాసలోనో టెక్కలిలోనో కంప్యూటర్ ముందు కూర్చుని డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్‌లో మిగ్-21బిస్ ఎగరేసే కుర్రాడు థ్రాటిల్‌ను చివరికంటా తోస్తాడు. వెనక మంట లేస్తుంది, వేగం పెరుగుతుంది. తెర మీది ఆ విమానంలో ఉన్నది ఆర్-25 ఇంజన్. భారత వాయుసేన మిగ్‌ల కోసం ఆ ఇంజన్లు తయారైంది మనకు దగ్గర్లోనే, కోరాపుట్ జిల్లా సునాబెడలో. మంటను చూసి సంతోషించేవాళ్లు చాలామంది. ఆ మంట ఎంత బలమిస్తుంది, బదులుగా ఎంత తీసుకుంటుంది అనే లెక్కకు కూడా ఒక చరిత్ర ఉంది. నాకు మంటకంటే ఆ లెక్కే ఎక్కువ ఇష్టం.

ముందు మంట సంగతి. జెట్ ఇంజన్ మింగిన గాలిలోని ప్రాణవాయువు అంతా లోపల కాలిపోదు. కాలనిస్తే ఆ వేడికి టర్బైన్ రెక్కలు తట్టుకోలేవు. అందుకే ఇంధనాన్ని ఆచితూచి పోస్తారు, చాలావరకు ప్రాణవాయువు వాడకుండానే వెనక్కి పోతుంది. టర్బైన్ దాటాక కరిగిపోయే రెక్కలేమీ లేవు కనుక, అక్కడ మళ్లీ ఇంధనం చల్లి మండిస్తే వాయువు ఇంకా వేడెక్కి, ఇంకా జోరుగా బయటికి తన్నుతుంది. అదే ఆఫ్టర్‌బర్నర్. చెప్పడం సులువే. అంత వేగంగా పోయే గాలిలో మంట ఆరకుండా నిలబెట్టడమే కష్టం. గాలిలో దీపానికి చేయి అడ్డం పెట్టినట్టు, అక్కడ లోహపు పట్టీలను వంచి వలయాలుగా అమర్చుతారు. వాటి చాటున మంట నిలుస్తుంది. వేడెక్కి ఉబ్బిన వాయువుకు దారి చాలక ఇంజన్ ఉక్కిరిబిక్కిరి కాకుండా వెనక నాజిల్ వెడల్పవుతుంది.

ఈ ఆలోచన అసలైన జెట్ యుద్ధవిమానాల కంటే ముందుది. ఇటలీలో 1940 ఆగస్టులో ఎగిరిన కప్రోనీ కంపీనీ విమానంలో టర్బైనే లేదు. మామూలు పిస్టన్ ఇంజన్ ఒక ఫ్యాన్‌ను తిప్పేది, దాని వెనక ఇంధనం మండించేవారు. అంతా చేసి అది ఆనాటి ప్రొపెల్లర్ యుద్ధవిమానాల కంటే నెమ్మదిగానే ఎగిరింది. యుద్ధం చివరి రోజుల్లో బ్రిటన్‌లో ఫ్రాంక్ విటిల్ ఇంజన్‌కు ఈ అమరిక తగిలించి మీటియర్ విమానంలో పరీక్షించారు. 1950ల నాటికి అమెరికా ఎఫ్-94, సోవియట్ మిగ్-17ఎఫ్ దాన్ని మామూలు సరంజామాగా మోశాయి. ఆ తర్వాత ధ్వనివేగాన్ని దాటాలనుకున్న యుద్ధవిమానాల్లో దాదాపు ప్రతిదీ చాలాకాలం దీని మీదే ఆధారపడింది.

సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజన్ కర్మాగారం సోవియట్ సహాయంతో 1960లలో మొదలైంది. మిగ్-21 తొలి రకాలకు ఆర్-11, తర్వాత మిగ్-21బిస్‌కు ఆర్-25, మిగ్-27కు ఆర్-29, ఇటీవల సుఖోయ్-30కి ఏఎల్-31 అక్కడివే. ఇవన్నీ ఆఫ్టర్‌బర్నర్ ఉన్న ఇంజన్లే. ఆర్-25 మంట లేకుండా సుమారు 40 కిలోన్యూటన్లు, మంటతో సుమారు 70 ఇస్తుంది. దానికి అత్యవసరానికని మరో మెట్టు కూడా ఉంది. తక్కువ ఎత్తులో, మంచి వేగంలో ఉండగా ఆ మీట వేస్తే 97 దాకా పోతుంది, రెండు మూడు నిమిషాలకు మించి మాత్రం వాడకూడదు. 2014లో డీసీఎస్‌కు వచ్చిన మిగ్-21బిస్‌లో ఈ అత్యవసర మీటను కూడా పెట్టారు. అసలు విమానం 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వాయుసేన నుంచి విశ్రాంతి తీసుకుంది.

సునాబెడ గురించి ఇంకొక మాట. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం పదోవంతు దాకా తక్కువ. అలాంటి చోట నడిపిన ఇంజన్ చూపే బలం సముద్రతీరంలో చూపే బలం కాదు. అందుకే ఇంజన్‌ను ఎక్కడ పరీక్షించినా, వచ్చిన అంకెను సముద్రమట్టం, 15 డిగ్రీల వేడి అనే ప్రమాణానికి మార్చి రాస్తారు. పుస్తకాల్లో కనబడే కిలోన్యూటన్లు సాధారణంగా అలా మార్చినవే. సిమ్యులేటర్ దీన్నే తలకిందులుగా చేయాలి. ప్రమాణపు అంకె తీసుకుని, ఆ క్షణాన విమానమున్న గాలికి తగ్గట్టు దించాలి, పెంచాలి.

మొదటి ఆటలకు ఆ ఓపిక లేదు, ఆనాటి యంత్రాలకు ఆ శక్తీ లేదు. 1987లో సెగా తెచ్చిన ఆటకు ఆఫ్టర్ బర్నర్ అనే పేరే పెట్టారు. అందులో ఇంధనం అయిపోతుందన్న బెంగ ఆటగాడికి లేదు. అదే ఏడాది వచ్చిన ఫాల్కన్ అనే సిమ్యులేటర్ దారి వేరు. 1998 డిసెంబరులో వచ్చిన ఫాల్కన్ 4.0 దగ్గరికి వచ్చేసరికి ఇంజన్‌కు మూడు పట్టికలున్నాయి. ఐడిల్‌కి ఒకటి, మంట లేని పూర్తి బలానికి ఒకటి, మంటకు ఒకటి. ఒక్కో పట్టికలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటిగా వేగం, ఎత్తు. ఈ పద్ధతి ఆటలవాళ్లు కనిపెట్టింది కాదు. 1979లో నాసా అచ్చువేసిన ఎఫ్-16 సిమ్యులేటర్ నివేదికలో ఇలాంటి పట్టికలే ఉన్నాయి. వాటి ఆధారంగా తయారైన నమూనాను ఇప్పటికీ ఏరోనాటిక్స్ విద్యార్థులు కంప్యూటర్లలో రాసి నేర్చుకుంటారు.

మన దేశంలో ఈ విద్యకు పరీక్ష తేజస్ యుద్ధవిమానం. దాని రూపకర్తల్లో ముఖ్యుడు కోట హరినారాయణ 1943లో బరంపురంలో పుట్టిన తెలుగువాడు. 1936 దాకా టెక్కలి, బరంపురం ఒకే గంజాం జిల్లాలోవి. తేజస్‌ను కావాలనే అస్థిరంగా గీశారు, కంప్యూటర్ పట్టుకోకపోతే అది ఎగరలేదు. కనుక ఆ కంప్యూటర్ నియమాలను బెంగళూరు సిమ్యులేటర్లలో ముందే పైలట్ల చేత నడిపించి చూశారు. అమెరికాలో ప్రత్యేకంగా మార్చిన ఎఫ్-16లోనూ పరీక్షించారు. 1998 మే అణుపరీక్షల తర్వాత ఆంక్షలు వచ్చి ఆ తలుపు మూసుకుంది. అయినా 2001 జనవరి 4న తొలి తేజస్ ఎగిరింది, 2003 ఆగస్టులో ధ్వనివేగం దాటింది. స్వదేశీ కావేరి ఇంజన్ సమయానికి అందలేదు కనుక అమెరికా ఎఫ్404తోనే ఇదంతా జరిగింది. ఇప్పుడు కుర్రాళ్లు డీసీఎస్‌లో నడిపే ఎఫ్/ఎ-18 హార్నెట్‌లోనూ ఆ కుటుంబపు ఇంజన్లే రెండున్నాయి.

ఎఫ్404 లెక్క చూద్దాం. తేజస్‌లో మంట లేకుండా సుమారు 53 కిలోన్యూటన్లు, మంటతో సుమారు 85. అంటే బలం ఒకటిన్నర రెట్లకు కొంచెం పైన. ఇంధనమో, దాదాపు మూడున్నర రెట్లు. నేలమట్టంలో పూర్తి మంటకు గంటకు 15 టన్నుల చొప్పున తాగుతుంది. తేజస్ కడుపులో పట్టేది రెండున్నర టన్నులకు లోపే. మంట ఆర్పకుండా ఉంచితే పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. యుద్ధ పైలట్ ఆఫ్టర్‌బర్నర్‌ను క్షణాల లెక్కన వాడేది ఇందుకే.

వేడి సంగతి మన తీరం వాళ్లకు బాగా అర్థమవుతుంది. భావనపాడు నుంచి బారువ దాకా ఉద్దానంలో మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీలుంటే, ప్రమాణపు 15 డిగ్రీల గాలితో పోలిస్తే అక్కడి గాలి సాంద్రత ఆరున్నర శాతం తక్కువ. సముద్రం పక్కనే నిలబడ్డా, ఇంజన్‌కు అది దాదాపు 700 మీటర్ల ఎత్తున్న చోటే. తేమ చేరితే సాంద్రత ఇంకాస్త తగ్గుతుంది. ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ లోపల పనిచేసే జేఎస్‌బీసిమ్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఇంజన్ పట్టికలను సాధారణంగా గాలి సాంద్రతకు సరిపడే ఎత్తుతోనే చదువుతారు, అందుకే అక్కడ ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. అదే ప్రోగ్రాంలో మరో మెలిక ఉంది. ఒక పద్ధతిలో థ్రాటిల్ 99 శాతం దాటాకే మంట అంటుకుంటుంది. మరో పద్ధతిలో థ్రాటిల్ పరిధినే రెట్టింపు చేసి రెండో సగాన్ని మంటకు వదిలేస్తారు. ఏది ఎంచుకున్నారో తెలియకుండా ఇద్దరి విమానాలను పోల్చి వాదించుకోవడం వృథా.

మీ సిమ్యులేటర్ నిజం చెబుతోందా అని చూడాలంటే ఎక్కువ పరికరాలక్కర్లేదు. సముద్రమట్టంలో వేడి 15 డిగ్రీలు పెట్టి, బ్రేకులు నొక్కి పట్టి, పూర్తి మంటలో ఒక్క నిమిషం ఇంధనం ముల్లు చూడండి. ఒక ఎఫ్404కు 250 కిలోల చుట్టుపక్కల తగ్గాలి, హార్నెట్‌కైతే రెండు ఇంజన్లు కనుక అందుకు రెట్టింపు. తర్వాత వేడిని 35కు పెంచి, అదే రన్‌వే మీద చక్రాలు నేల వదిలేందుకు ఎంత దూరం పట్టిందో కొలవండి. దూరం మారకపోతే ఆ పట్టిక రాసినవాళ్లు గాలిని మరిచిపోయారన్నమాట.